క్యాప్ మాటిమాటికీ ఊడుతుంటే తప్పు సిమెంటుదేనా?

ప్రశ్న: మాది దర్శి దగ్గర పల్లెటూరు. పొగాకు, కంది వేస్తాం. నాకు 52 ఏళ్ళు. కింద కుడివైపు చివరి దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించి, లోహం మీద పింగాణీ వేసిన క్యాప్ పెట్టించుకున్నా. రెండేళ్ళలో మూడుసార్లు ఊడింది. రెండుసార్లు అదే క్యాప్ మళ్ళీ అతికించారు. ఈసారి వేరే డాక్టరు దగ్గరికి పోతే, అతికించను, పన్ను మళ్ళీ సరిచేసి కొత్తది వేయాలి అన్నారు. ఉన్నదే పిసరంత, ఇంకా గీకితే మిగిలేదేంది? గట్టి సిమెంటు పెడితే సరిపోదా? ఇంకో సంగతి. మా అమ్మాయికి 22 ఏళ్ళు, సంబంధాలు చూస్తున్నాం. మా ఊరి నీళ్ళకు ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు పడ్డాయి. పైన ఆరు పళ్ళకు క్యాపులు వేస్తే తెల్లగా మారిపోతాయని ఒకచోట చెప్పారు. వేయించమంటారా? ఇంట్లో మూడేళ్ళ మనవడు ఉన్నాడు, వాడికీ ఇట్టాగే వస్తాయేమోనని దిగులుగా ఉంది.

సమాధానం: అమ్మాయి సంగతి ముందు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఇప్పుడే ఒప్పుకోకండి. ఎందుకో చివర్లో చెబుతాను కానీ, ముందు మీ పన్ను సంగతి తేలితే అది సగం మీకే అర్థమవుతుంది.

మీ రెండో డాక్టరు అతికించను అన్నారంటే డబ్బు కోసమే అనుకోనక్కర్లేదు. క్యాప్ ఒకసారి ఊడితే సిమెంటును అనుమానించవచ్చు. కలపడంలో తేడా వచ్చి ఉండొచ్చు, అతికించేటప్పుడు ఉమ్మి తగిలి ఉండొచ్చు. అదే క్యాప్ అదే పన్ను మీద నుంచి మూడుసార్లు ఊడితే మాత్రం చూడాల్సింది పన్ను ఆకారాన్ని. క్యాప్‌ను పట్టి ఉంచేది ప్రధానంగా సిమెంటు అని చాలామంది అనుకుంటారు. నిజానికి పట్టి ఉంచేవి పన్ను గోడలు. సిమెంటు పని ఆ గోడకూ క్యాప్‌కూ మధ్య మిగిలిన సన్నటి సందును పూడ్చడం, జారకుండా కాస్త అడ్డుపడటం.

వంటింట్లో ఒక స్టీలు గ్లాసు బోర్లించి దాని మీద అదే సైజు గ్లాసు ఇంకోటి బోర్లించండి. ఒక్కోసారి ఎంత లాగినా రాదు. అదే గిన్నె మీద గిన్నె బోర్లిస్తే వేలితో నెడితే చాలు, పక్కకు ఒరుగుతుంది. గ్లాసు గోడలు దాదాపు నిలువుగా ఉంటాయి, గిన్నె గోడలు వాలుగా ఉంటాయి. క్యాప్ కోసం పన్నును చెక్కేటప్పుడు డాక్టరు సాధించాల్సింది గ్లాసు ఆకారం. పూర్తిగా నిలువుగా ఉన్నా కుదరదు, క్యాప్ కిందికి దిగదు. అందుకని ఎదురెదురు గోడలు రెండూ కలిపి సుమారు 6 డిగ్రీల వాలు ఉంటే బాగుంటుందని పుస్తకాల్లో రాస్తారు. నోట్లో చేతితో అంత కచ్చితంగా రావడం కష్టం కాబట్టి 10 నుంచి 20 డిగ్రీల దాకా సర్దుకుంటారు. వాలు పెరిగేకొద్దీ పట్టు కొద్దికొద్దిగా తగ్గదు, ఒక్కసారిగా పడిపోతుంది. యోర్గెన్సెన్ అనే ఆయన 1955లోనే దీన్ని కొలిచి చూపించారు.

ఇక మీది చివరి దవడ పన్ను. నోరు ఎంత తెరిచినా అక్కడికి పన్ను చెక్కే మోటారు తల సరిగా పోదు. నాలుక అడ్డం, బుగ్గ అడ్డం. కాబట్టి అందరి చేతుల్లోనూ గోడలు ఎక్కువ వాలిపోయేది ఆ పన్నుకే. దానికి తోడు కింది దవడలో వెనక పళ్ళు చాలామందికి పొట్టిగా ఉంటాయి. చెక్కిన తర్వాత దవడ పన్నుకు కనీసం 4 మిల్లీమీటర్ల ఎత్తు, ముందున్నవాటికి 3 మిల్లీమీటర్లు మిగలాలి. పొట్టి, వాలు రెండూ కలిస్తే ఎంత ఖరీదైన సిమెంటు పెట్టినా ఊడటం ఆగదు, మహా అయితే మరో నాలుగు నెలలు ఆగుతుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. క్యాప్‌ను పైకి లాగే బలం ఒకటి, పక్కకు ఒరిగించే బలం ఇంకొకటి. మనం నమిలేటప్పుడు దవడ నేరుగా కిందికీ పైకీ ఆడదు, పక్కలకు కూడా తిరుగుతుంది. జొన్నరొట్టె తుంచి నములుతుంటే గమనించండి. ప్రతి నమలుకీ క్యాప్ ఒకవైపు అంచును ఇరుసుగా చేసుకొని అవతలివైపు లేవాలని చూస్తుంది. అట్లా లేవకుండా ఆపాల్సింది ఎదుటి గోడ ఎత్తు. ఆ ఎత్తు లేనప్పుడు గోడల్లో నిలువు గాడులు, చిన్న పెట్టెలాంటి తొలుపులు తవ్వితే క్యాప్ లోపలి భాగం వాటిలో దిగి తిరగకుండా నిలుస్తుంది. మీ డాక్టరు పన్ను మళ్ళీ సరిచేయాలి అన్నారంటే ఆయన మనసులో ఉన్నది ఇదే అయ్యుండొచ్చు. దాని అర్థం పన్నును ఇంకా సన్నం చేస్తారని కాదు. అడుగు భాగంలో గోడల్ని కాస్త నిలువుకు తెస్తారు, గాడులు వేస్తారు. మీరు అడగాల్సిన ప్రశ్న "ఇంకా ఎంత గీకుతారు?" అని కాదు, "గోడల్ని నిలబెడతారా? గాడులు పెడతారా?" అని. ఆయన ఆ మాట వినగానే కాగితం తీసుకొని బొమ్మ వేసి చూపిస్తే మీరు సరైన చోటికే వెళ్ళారు.

అంతకన్నా ముందు ఊడిన క్యాప్ లోపలికి చూడండి. కిటికీ వెలుతురులో చూస్తే చాలు. లోపల తెల్లగా సిమెంటు మాత్రమే ఉందా, లేక పన్ను ముక్కో ఫిల్లింగ్ ముద్దో దానితోపాటే ఊడొచ్చిందా? సిమెంటు మాత్రమే ఉంటే పైన చెప్పిన ఆకారం గొడవే. ఫిల్లింగ్ కూడా ఊడొస్తే సంగతి వేరు. రూట్ కెనాల్ చేసిన పన్నులో చాలా భాగం పుచ్చిపోయి ఉంటుంది, ఫిల్లింగ్ పెట్టి దాని మీద క్యాప్ వేస్తారు. ఆ క్యాప్ అంచు ఫిల్లింగ్ మీద ఆగిపోతే లాభం లేదు. ఫిల్లింగ్ దాటి కిందికి దిగి, చుట్టూ కనీసం 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ఎత్తున గట్టి పన్నును పట్టుకోవాలి. రూట్ కెనాల్ పన్ను బతుకు దాదాపు ఈ పట్టీ మీదే ఆధారపడి ఉంటుంది. చాలామంది పోస్టు, అంటే వేరులోకి దించే సన్నటి కడ్డీ, వేస్తే పన్ను గట్టిపడుతుందనుకుంటారు. పోస్టు ఫిల్లింగ్‌ను నిలబెట్టడానికే, పన్నుకు బలం ఇవ్వడానికి కాదు. అది వేయడానికి వేరులో ఇంకా తొలవాలి కాబట్టి అవసరం లేనిచోట నష్టమే.

ఆ పట్టీకి సరిపడా పన్ను చిగురు పైన కనపడకపోతే, చిగురునూ కొద్దిగా ఎముకనూ తగ్గించి పన్నును బయటికి తెచ్చే చిన్న ఆపరేషన్ ఉంది. చివరి పన్నుకు అది అన్నిసార్లూ కుదరదు. వేర్లు విడిపోయేచోటు దగ్గరపడితే చేయకూడదు. అదీ కుదరకపోతే నిజాయితీగా పీకేయమని చెప్పే డాక్టరు మాట వినండి. నిలబడని పన్ను మీద మూడో క్యాప్, నాలుగో క్యాప్ వేయించుకోవడం కన్నా అది నయం. కానీ ఎక్స్‌రే చూడకుండా ఆ మాట చెప్పేవాళ్ళను నమ్మొద్దు.

అసలు అంత అరగదీయడం దేనికి అంటారా? క్యాప్‌కు మందం కావాలి. ఆ మందం పట్టేంత చోటు పన్ను ఇవ్వకపోతే, క్యాప్ పైకి లేచి పై పన్నుకు ముందుగా తగులుతుంది, లేదా ల్యాబులో పల్చగా చేస్తారు, అప్పుడు పింగాణీ పెచ్చులు ఊడుతుంది. ఎంత చోటు అన్నది వేసే సరుకును బట్టి ఉంటుంది. పూర్తి లోహం క్యాప్‌కు నమిలే ముఖం మీద 1 నుంచి 1.5 మిల్లీమీటర్లు చాలు. ఒకే ముక్కగా చేసే జిర్కోనియాకు, అంటే లోహం లేని గట్టి తెల్ల పింగాణీ లాంటి సరుకుకు, కూడా ఇంచుమించు అంతే. లోహం మీద పింగాణీ వేయాలంటే 1.5 నుంచి 2 కావాలి. పక్క గోడల్లో కూడా పింగాణీ ఉన్నచోట ఎక్కువ తీయాలి. కింది దవడలో చెంప వైపు కొండలే, అంటే నమిలే ముఖం మీది ఎత్తు మొనలే, బరువు మోస్తాయి కాబట్టి అక్కడ వాలుగా ఇంకొంచెం చోటివ్వాలి. ఈ సంగతి మరిచిపోయి పై ముఖాన్ని పీటలాగా చదును చేసేవాళ్ళున్నారు. పన్నుకున్న కొండలూ లోయలూ అట్లాగే ఉంచి, వాటి తీరునే అంతటా సమానంగా తగ్గించాలి. చదును చేస్తే ఒకచోట నరం గదిదాకా పోతుంది, ఇంకోచోట చోటు చాలదు, ఉన్న ఎత్తు కూడా పోతుంది.

మీది అసలే పొట్టి పన్ను. దాని మీద 2 మిల్లీమీటర్ల చోటు అడిగే క్యాప్ ఎంచుకోవడమే మొదటి పొరపాటు అయ్యుంటుందని నా అనుమానం. ఈసారి పూర్తి లోహం వేయించుకోండి. లేదంటే జిర్కోనియా. లోహం అంటే జనం మొహం చిట్లిస్తారు గానీ, కింది దవడలో చివరి పన్ను మీరు ఆవులించినప్పుడు తప్ప ఎవరికీ కనపడదు. పన్నును తక్కువ తినే సరుకు అది. వెనక పన్నుకు తెల్లదనం కోసం ఎత్తును ధారపోయడం నాకెప్పుడూ నచ్చదు.

అంచు సంగతి కూడా చూసుకోవాలి. క్యాప్ చివరి గీత పన్ను మీద ఎక్కడ ఆగాలి? వీలైతే చిగురు పైనే. అక్కడైతే బ్రష్ తగులుతుంది, డాక్టరు కంటికీ కనపడుతుంది. పుచ్చు కిందికి పోయినందువల్లో, ఎత్తు చాలనందువల్లో చిగురు కిందికి పోవాల్సి వస్తే అర మిల్లీమీటరు దాటకూడదు. చిగురు అడుగున పన్నును అతుక్కొని ఉండే పొర ఒకటుంది. సగటున 2 మిల్లీమీటర్ల ఎత్తుంటుందని 1961లో కొలిచారు. క్యాప్ అంచు దాన్ని తొక్కితే చిగురు ఎర్రగా ఉబ్బి, బ్రష్ తగిలినప్పుడల్లా రక్తం కారుతుంది, వాసన వస్తుంది. ఎంత శుభ్రం చేసినా తగ్గదు. మీ పాత క్యాప్ చుట్టూ ఇట్లాంటిది ఉండేదా అని గుర్తు చేసుకొని కొత్త డాక్టరుకు చెప్పండి, పనికొచ్చే సమాచారం అది. చెక్కడం అయ్యాక అంచు చుట్టూ ఎక్కడా తెగకుండా ఒకే గీతలా కనపడాలి. కొలత తీసేముందు చిగురుకూ పన్నుకూ మధ్య సన్నటి దారం దూర్చి చిగురును పక్కకు జరుపుతారు, అప్పుడే ఆ గీత కొలతలోకి వస్తుంది. మామూలుగా పళ్ళసెట్టుకు తీసే పొడి ముద్ద కాకుండా సిలికాన్ ముద్దతోనో, స్కానర్‌తోనో కొలత తీయించుకోండి.

ఇక అమ్మాయి విషయం. మీ పన్నుకు నరం లేదు. ఆ పిల్ల పళ్ళు ఆరూ బతికున్న పళ్ళు, లోపల నరం ఉంది. ఆ వయసులో నరం గది పెద్దదిగా ఉంటుంది, అంటే చెక్కే ఉపరితలానికి దగ్గరగా ఉంటుంది. పైగా వేడి. మోటారు తిరిగేటప్పుడు నీళ్ళు సరిగా పడకపోతే పన్ను లోపల వేడెక్కుతుంది. 1965లో జాక్, కోహెన్ అనే ఇద్దరు కోతుల పళ్ళ మీద చూశారు. లోపల 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే వందలో పదిహేను పళ్ళ నరాలు కోలుకోలేదు. నీళ్ళు ధారగా పడుతూ, ఆగి ఆగి, కొత్త బర్‌తో (చెక్కే మొనతో) చేస్తే ఇబ్బంది ఉండదు. కానీ ఏ జాగ్రత్త తీసుకున్నా పోయిన పన్ను పోయినట్టే. ముందు పన్నుకు పూర్తి క్యాప్ వేయాలంటే బయటికి కనపడే పన్నులో 63 నుంచి 72 శాతం తీసేయాల్సి వస్తుందని 2002లో ఎడెల్‌హాఫ్, సోరెన్‌సెన్ తూకం వేసి చెప్పారు. వెనీర్లకైతే, అంటే పన్ను ముందు ముఖానికి మాత్రం అతికించే పల్చటి పలకలకైతే, 3 నుంచి 30 శాతం. అంటే మీ అమ్మాయి పన్ను మూడు వంతుల్లో రెండు వంతులు పొడి చేసి, మిగిలిన మోడు మీద తెల్ల తొడుగు వేస్తారన్నమాట. పుచ్చు లేదు, విరగలేదు, ఉన్నదల్లా మచ్చ.

ఆ మచ్చలు మీ ప్రాంతానికి కొత్తవేమీ కావు. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలో ఉండేవి. నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోయే జబ్బు ఆ తాలూకాల్లో ఉందని షార్ట్ అనే వైద్యుడు, ఆయన బృందం 1937లోనే రాశారు. పళ్ళ మీద చారలు అందులో తేలికపాటి రూపం. పన్ను ఇంకా దవడలో తయారవుతున్నప్పుడే, అంటే ఎనిమిదేళ్ళలోపు, పై పెంకు మీద పడతాయి. పన్ను బయటికొచ్చాక పెద్దగా మారవు. పెంకు గుంతలు పడి, పెచ్చులూడుతుంటే తప్ప చారలున్నంత మాత్రాన పన్ను బలహీనం కాదు.

కాబట్టి వరస ఇట్లా ఉండాలి. ముందు పళ్ళు శుభ్రం చేయించండి, కొంత మరక పైపైదే అయ్యుంటుంది. తర్వాత ఆమ్లం కలిసిన మెత్తటి రాపిడి ముద్దతో పై పొరను మిల్లీమీటరులో చిన్న వంతు మాత్రం రుద్దే పద్ధతి ఉంది. గోధుమ చారలకు అది చాలాసార్లు బాగా పనిచేస్తుంది. దానికి బ్లీచింగ్ తోడు చేస్తే మిగిలిన రంగు తేలికపడుతుంది. కొన్ని రోజులు జివ్వుమంటుంది, తగ్గిపోతుంది. ఇంకా మిగిలితే పన్ను రంగు రెజిన్‌తో పైన పూత. అప్పటికీ తృప్తి లేకపోతే వెనీర్లు. పూర్తి క్యాపులు ఆ వరసలో ఆఖరివి. పెంకు బాగా గుంతలుపడి విరిగిన పళ్ళకు అవీ అవసరమవుతాయి, కాదనను. మీ ఉత్తరంలో అట్లాంటిదేమీ రాయలేదు. 22 ఏళ్ళకు వేసిన క్యాప్ జీవితాంతం ఉండదు. ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి, మార్చినప్పుడల్లా ఇంకొంచెం చెక్కాలి. ఏం చేయించినా పెళ్ళిచూపులకు వారం ముందు కాకుండా తీరిక చూసుకొని చేయించండి. రంగు స్థిరపడటానికి, నచ్చనిది సరిదిద్దుకోవడానికి వ్యవధి ఉండాలి.

మీరు ఇప్పుడు చేయాల్సింది: ఊడిన క్యాప్‌ను కడిగి చిన్న డబ్బాలో పెట్టి తీసుకెళ్ళండి. ఇంట్లో ఉన్న జిగురుతో అంటించుకోవద్దు. వదులుగా పెట్టుకొని నిద్రపోవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే పెద్ద గొడవ. ఆలస్యం కూడా చేయొద్దు. ఖాళీగా ఉంటే పై పన్ను కిందికి దిగడం, పక్క పన్ను ఒరగడం మొదలవుతుంది, అప్పుడు కొత్త క్యాప్‌కు చోటు కోసం నిజంగానే ఇంకా గీకాల్సి వస్తుంది. ఇందుకే, చెక్కిన రోజునుంచి కొత్త క్యాప్ వచ్చేదాకా తాత్కాలిక క్యాప్ వేయమని అడగండి. ఒంగోలులో క్యాపుల మీద పై చదువు చదివిన ప్రోస్తోడాంటిస్టు దొరికితే మంచిది. కాస్త దూరమైనా పర్లేదనుకుంటే నెల్లూరులో దంత వైద్య కళాశాల ఉంది, అక్కడ ఈ విభాగం విడిగా ఉంటుంది. అక్కడ చదువుకునే పిల్లలు తీరిగ్గా, పెద్ద డాక్టర్ల కళ్ళముందే చేస్తారు. పదిసార్లు తిరగాల్సి రావచ్చు.

కొత్త క్యాప్ పెట్టే రోజు సిమెంటు లేకుండా ముందు ఊరికే కూర్చోబెట్టి చూడమనండి. మంచి చెక్కడం అయితే సిమెంటు లేకుండానే తనంతట తాను నిలబడుతుంది, వేలితో పక్కకు నెట్టినా ఊగదు. మీ పన్ను కథ తేలేది ఆ క్షణంలోనే. అప్పుడే ఊగితే అతికించొద్దని చెప్పే హక్కు మీకుంది. రంగు కాగితం పెట్టి కొరికించి, ఎత్తు తగిలితే తగ్గించాలి. "కొంచెం ఎత్తుగా ఉంది, నాలుగు రోజులకు అలవాటవుతుందిలే" అంటే ఒప్పుకోకండి.

మనవడి గురించి. మూడేళ్ళవాడంటే పెద్ద పళ్ళు ఇప్పుడే లోపల తయారవుతున్నాయి, కాబట్టి ఈ నాలుగైదేళ్ళు తాగే నీరే ముఖ్యం. గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ళ ల్యాబులో మీ బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు వాడికి తాగడానికీ, అన్నం, పప్పు వండటానికీ వాడొద్దు. కాచి చల్లారిస్తే పోతుందనుకోకండి, నీళ్ళు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ ప్లాంటు నీళ్ళు తెప్పిస్తుంటే వాటిని కూడా ఒకసారి అదే ల్యాబులో ఇవ్వండి. ఫిల్టరు పాతబడితే అందులోనూ తేడా వస్తుంది. బ్రష్ మీద పేస్టు బఠాణీ గింజంత చాలు, మింగకుండా పక్కన నిలబడి ఉమ్మించండి.